అల్లుడుగారి జనరేటరు

గుంటూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఆవిడ కొడుకు అమెరికాలో ఉంటాడట. బండి వెనకాల తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు, అదే ట్రావెల్ ట్రెయిలరు, ఈమధ్యనే కొన్నాడట. వచ్చే వేసవిలో అమ్మనీ నాన్ననీ అందులో కూర్చోబెట్టి పదిహేను రోజులు అడవులూ కొండలూ తిప్పుతానంటున్నాడట. "దానికి జనరేటరు కొనాలి, ఎంత పెద్దది కొనమంటావు అని ఫోనులో నన్నడుగుతున్నాడండీ. నాకేం తెలుస్తుంది? మీ అమ్మాయి దగ్గిరికి వెళ్ళినప్పుడు మీకు ఇలాంటి అనుభవం ఏదో అయిందని రాశారు. కాస్త వివరంగా చెప్పరూ?" అని అడిగారు.

ఆ సంగతి అప్పట్లో నాలుగు ముక్కల్లో నవ్వుతూ రాసి వదిలేశాను. ఆ రాత్రి గురించి మాత్రం రాయలేదు. రాయడానికి అప్పుడు చెయ్యి రాలేదు. ఇప్పుడు రాస్తాను.

మా అమ్మాయి వాళ్ళుండేది ఆరిజోనా రాష్ట్రంలో ఫీనిక్సు నగరం. అక్కడ జూన్ నెల ఎండంటే, రోళ్ళు పగిలే మన రోహిణీ కార్తె దాని ముందు చిన్నపిల్ల. 43, 44 డిగ్రీలు అక్కడివాళ్ళకు లెక్కలోకే రావు. అంచేత శుక్రవారం సాయంత్రమయ్యేసరికి వీలున్నవాళ్ళందరూ ఉత్తరంగా కొండలెక్కుతారు. నూటనలభై మైళ్ళు పోతే ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊరు. దాదాపు 7 వేల అడుగుల ఎత్తు, మన ఊటీకి కాస్త తక్కువ. ఊరి చుట్టూ కొకొనీనో నేషనల్ ఫారెస్టు. ప్రభుత్వం అనుమతించిన బాటల పక్కన ఎవరైనా సరే రెండు వారాల దాకా ఉచితంగా బస చెయ్యవచ్చు. కాని అక్కడ నీళ్ళ కుళాయి ఉండదు, కరెంటు స్తంభం ఉండదు. మన దీపం మనమే తెచ్చుకోవాలి.

మా అల్లుడుగారు ఆ దీపానికి బదులు ఒక స్నేహితుడి దగ్గిర జనరేటరు బదులు తెచ్చారు. ఇళ్ళు కట్టేచోట వాడే రకం, 3500 వాట్లది. దాన్ని చూడగానే నాకు మా ఊళ్ళో టూరింగు టాకీసు డేరా వెనకాల ఉండే ఇంజను గుర్తుకొచ్చింది. హీరోయిన్ ఎంత కరుణంగా ఏడ్చినా వెనక నుంచి దడదడలాడుతూ ఉండేది. ఇదీ అంతే. పైన్ చెట్ల మధ్య, వెనిల్లా వాసన కొట్టే చెట్లండీ అవి, ఎండపడ్డ బెరడు దగ్గిర ముక్కు పెడితే అచ్చంగా ఐస్‌క్రీము వాసనే, అంత ప్రశాంతమైన చోట దీన్ని వేశారు. ఒక అరగంటకల్లా దూరంగా డేరా వేసుకున్న ఒకావిడ కుక్కపిల్లతో సహా వచ్చి, ఎంతో మర్యాదగా, "ఎంతసేపు వేస్తారు?" అని అడిగింది. మా అమ్మాయి సిగ్గుతో చచ్చిపోయింది. పదింటికల్లా ఆపేశారు.

మావారికి స్లీప్ ఆప్నియా ఉంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. మూడేళ్ళుగా సీపాప్ యంత్రం తగిలించుకునే పడుకుంటున్నారు. ముక్కుకు తొడుగు, దానికో గొట్టం, గొట్టం చివర గాలి ఊదే చిన్న పెట్టె. జనరేటరు ఆపినా ట్రెయిలరు బాటరీ మీద అది నడుస్తుందని అల్లుడుగారు చెప్పారు. నడిచింది కూడా. బయట 5 డిగ్రీల చలి. గ్యాసుతో గది వేడిచేసే పొయ్యి తనంత తనే వెలుగుతూ ఆరుతూ ఉంది. హాయిగా నిద్రపోయాం.

తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చింది. ఏదో చప్పుడై కాదు, చప్పుడు లేక. పొయ్యి ఆగిపోయింది. మావారి యంత్రం ఆగిపోయింది. ఆయన మొహానికి తొడుగు అలాగే ఉంది, గాలి రావడం లేదు. నిద్రలోనే ఎగశ్వాసగా ఒక్కసారి లేచి కూర్చుని, ఎక్కడున్నామో తెలియక, "ఏమేవ్, తలుపు తెరు, తలుపు తెరు" అంటున్నారు. నేను తొడుగు లాగేశాను. చేతులు వణికాయి. నలభై అయిదేళ్ళ కాపురంలో ఆయన్ని అంత కంగారుగా నేనెప్పుడూ చూడలేదు.

అల్లుడుగారు ఒక్క ఉదుటున లేచి టార్చి పట్టుకుని బయటికి పరుగెత్తారు. "ఒక్క నిమిషం అత్తయ్యగారూ, జనరేటరు వేసేస్తాను" అన్నారు. ఆ జనరేటరు ఎక్కడుందనుకున్నారు? తీగె చాలక సాయంత్రం దాన్ని ట్రెయిలరు వెనకవైపు, సరిగ్గా మా పడకగది కిటికీ కింద పెట్టారు. సాయంత్రం మేమంతా బయట కూర్చున్నాం కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం అదే కిటికీ, ఆయనకు ఊపిరాడడంలేదని, నా చేత్తో నేనే బార్లా తెరిచి ఉంది.

నేను సైన్సు చదువుకున్నదాన్ని కాదు. కాని మా అమ్మమ్మ పురిటి గదిలో బొగ్గుల కుంపటి పెట్టిన ప్రతిసారీ తలుపు మీద మనిషిని కాపలా పెట్టేది. "కుంపటి పెట్టి తలుపు బిగిస్తే తెల్లారేసరికి తల్లీ లేవదు, పిల్లా లేవదు" అనేది. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చింది నోటికి. "వద్దు నాయనా! ఆ పొగ ఈ కిటికీలోంచే వస్తుంది, వెయ్యకండి!" అని అరిచాను. ఆయన తాడు లాగబోతున్న చెయ్యి ఆపారు. పక్కకు తోసుకుపోదామంటే నూరు పౌన్ల పైన బరువు, చక్రాలు పైన్ ఆకుల మెత్తలో దిగబడిపోయాయి. చివరికి మావారే తేరుకుని, "ఇప్పుడేం వద్దు బాబూ, తెల్లవారనీ" అన్నారు. దిండ్లు వీపుకు ఆనించుకుని, నాలుగు కంబళ్ళు కప్పుకుని, కూర్చునే తెల్లవార్చారు. ఆయన కునికిపాట్లు పడినప్పుడల్లా నేను భుజం తట్టాను.

కుంపటిలోంచి వచ్చేదీ, పెట్రోలు ఇంజనులోంచి వచ్చేదీ ఒకే విషం, కార్బన్ మోనాక్సైడు. రంగు లేదు, వాసన లేదు. నెత్తురు ప్రాణవాయువును పట్టుకున్నదానికంటే రెండు వందల రెట్లు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు, ఆపైన నిద్ర. మెలకువగా ఉన్నవాడు గుర్తుపడితే బయటికి పోవచ్చు. నిద్రపోతున్నవాడు నిద్రలోనే పోతాడు. జనరేటరు ఇంటికి కనీసం 20 అడుగుల దూరాన, పొగ గొట్టం అవతలివైపు తిప్పి పెట్టాలని అమెరికా ప్రభుత్వ సంస్థలు ఏళ్ళ తరబడి చెబుతున్నా అక్కడ ఏటా పదుల సంఖ్యలో మనుషులు ఇలా పోతూనే ఉన్నారు. 2018లో వచ్చిన ఒక ప్రమాణం ప్రకారం చేసిన కొత్త యంత్రాలు ఈ వాయువు పోగుపడితే తమంత తామే ఆగిపోతాయి. మంచిదే. కాని ఆ పసిగట్టే ముక్కు యంత్రానికి ఉంది, మన కిటికీకి లేదు. గాలి వాటున పొగ ట్రెయిలరులోకి పోతుంటే యంత్రానికి తెలియకపోవచ్చు. అందుకని లోపల పడకల దగ్గిర గోడకు అలారం ఉంటుంది. దానికీ ఆయుర్దాయం ఉంది. వెనకాల తేదీ ఉంటుంది, చూసుకోవాలి.

ఫీనిక్సుకు తిరిగివచ్చాక ఆదివారం రాత్రి భోజనాల బల్ల దగ్గిర మహాసభ జరిగింది.

అల్లుడుగారు అప్పటికే తీర్మానించేసుకున్నారు. "4500 వాట్లది కొనేద్దాం అత్తయ్యగారూ. ఏసీ, మైక్రోవేవు, అన్నీ ఒకేసారి నడుస్తాయి. మళ్ళీ ఇలాంటి ఇబ్బంది రాదు" అన్నారు. పాపం, ఆ రాత్రి భయమంతా ఆ అంకెలోకి వచ్చి కూర్చుంది. మా అమ్మాయి, "జనరేటరే వద్దు. సోలారు పలకలు పెట్టుకుందాం, చప్పుడూ లేదు, పొగా లేదు" అంది. మావారు ఏమీ అనలేదు. "నేను ఇంట్లో ఉంటాను, మీరు వెళ్ళిరండి" అన్నారు ఒకే ఒక్క మాట. అది వినగానే ఇది నేను తేల్చవలసిన వ్యవహారమని నాకు తెలిసిపోయింది.

"ఆ రాత్రి ఆగిపోయింది ఏమిటి నాయనా? జనరేటరా, బాటరీయా?" అని అడిగాను.

"బాటరీయే."

"మరి జనరేటరు 4500 వాట్లయితే బాటరీ ఆగదా? పదింటికి దాన్ని ఆపెయ్యాల్సిందే కదా?"

అల్లుడుగారు నావంక చూసి ఊరుకున్నారు. నేషనల్ పార్కుల బసల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అనవసరపు చప్పుడు కూడదని నిబంధన. పగలైనా 50 అడుగుల దూరాన 60 డెసిబెల్సు మించకూడదు. కొన్నిచోట్ల పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు మాత్రమే వెయ్యనిస్తారు. అంటే, మనం నిద్రపోయే ఆ ఎనిమిది గంటలూ ఎంత గొప్ప జనరేటరైనా సన్యాసే. రాత్రిని నడిపేది బాటరీ. జనరేటరు పని పొద్దున లేచి ఆ బాటరీని నింపడం. బావిలో నీళ్ళు తోడి గంగాళం నింపుకుంటామే, అలాగ. గంగాళం చిన్నదైతే మోటారు ఎంత పెద్దదైతే ఏం లాభం?

సరే, సరుకుల చీటీ రాసినట్టు కాగితం తీసి లెక్క రాయమన్నాను. నాకు ఆంపియర్ల లెక్క రాదు. అల్లుడుగారు చెబుతుంటే మా అమ్మాయి రాసింది. మావారి యంత్రం, తేమనిచ్చే నీటి పెట్టె కాస్త తగ్గించి వాడితే, రాత్రికి ఇంచుమించు 30 ఆంపియరు గంటలు తింటుంది. గది వేడిచేసే పొయ్యి గ్యాసుదే అయినా గాలి ఊదే ఫాను మాత్రం బాటరీదే, అదే దొంగ. వెలిగినంతసేపూ 7 ఆంపియర్లు లాగుతుంది. చలిలో సగం రాత్రి వెలిగితే మరో 30. దీపాలు, నీటి పంపు, అలారం కలిపి 5. మొత్తం 65. ట్రెయిలరుతో వచ్చిన సీసపు బాటరీ 80 ఆంపియరు గంటలది. దాన్ని సగానికి మించి పిండితే పాడైపోతుంది, అంటే చేతికొచ్చేది 40. మూడింటికి ఎందుకు ఆగిందో ఆ కాగితమే చెప్పింది. ఆగకపోతే ఆశ్చర్యపడాలి.

అందుకని ముందు బాటరీ కొన్నారు. 200 ఆంపియరు గంటల లిథియం రకం. ఖరీదెక్కువే, దాచను. కాని అడుగంటా వాడుకోవచ్చు. రెండోది, నింపడం తొందర. సీసపు బాటరీ మన ఇళ్ళలో ముసలాళ్ళు భోజనం చేసినట్టు, మొదట బాగానే తింటుంది, ఆఖరి ముద్దలు గంటల తరబడి నములుతుంది. లిథియం అలా కాదు, చివరిదాకా ఒకే వేగం. 55 ఆంపియర్ల చార్జరైతే రెండు గంటల్లో 110 ఎక్కుతుంది. రాత్రి ఖర్చు 65 కదా, మిగులే. గడ్డకట్టే చలిలో మాత్రం దాన్ని చార్జి చెయ్యకూడదు. ఇది శీతాకాలం తిరిగేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు జనరేటరు ఎంతుండాలో దానంతట అదే తేలిపోయింది. ఆ చార్జరుకు కావలసింది వెయ్యి వాట్లలోపు. మరి ఏసీ మాటేమిటి అంటారు. అల్లుడుగారూ అదే అన్నారు. ట్రెయిలరు మీది ఏసీ నడిచేటప్పుడు పదమూడు పధ్నాలుగు వందల వాట్లు తీసుకున్నా, మొదలుపెట్టే ఆ క్షణంలో దానికి రెట్టింపు లాగుతుంది. అందుకే పెద్ద జనరేటర్లు అమ్ముతారు. ఆ మొదటి కుదుపు తగ్గించే సాఫ్ట్ స్టార్ట్ అనే పెట్టె తగిలించి చిన్న జనరేటరుతోనే ఏసీ నడుపుకునేవాళ్ళున్నారు. రెండు చిన్నవి జోడెద్దుల్లా కలిపి వాడేవాళ్ళూ ఉన్నారు. పల్లంలో, ఎండలో తిరిగేవాళ్ళకు ఆ మార్గాలు తప్పవు. "కాని మనం ఏసీ అక్కర్లేని చోటు కోసమే కదా ఏడు వేల అడుగులు ఎక్కేది!" అంది మా అమ్మాయి. ఆ పిల్లకు చిన్నప్పటినుంచీ అంతే, నోరు విప్పితే ఒకటే మాట, కాని సూటిగా తగులుతుంది.

ఎత్తు అంటే మరొకటి ఉంది. వెయ్యి అడుగులు పైకి వెళ్ళినకొద్దీ ఇంజను బలం నూటికి మూడున్నర పాళ్ళు తగ్గుతుంది. పల్చని గాలిలో దానికీ ఆయాసమే. ఉదాహరణకు హోండా వారి ఈయూ2200ఐ ఉంది. పేరులో 2200 అన్నా నిలకడగా ఇచ్చేది 1800 వాట్లు. ఫ్లాగ్‌స్టాఫ్ ఎత్తులో అది దాదాపు 1350కి దిగుతుంది. పెట్టె మీద అంకె చూసి కొన్నవాళ్ళు కొండమీద మోసపోయేది ఇక్కడే. మాకు కావలసింది వెయ్యి, కాబట్టి ఆ పరిమాణంలోది సరిపోయింది. బరువు 47 పౌన్లు, అంటే 21 కిలోలు. ఒక మనిషి చేత్తో పట్టుకుని 20 అడుగుల అవతలికి తీసుకుపోగలడు. నా దృష్టిలో దాని గుణాలన్నిటిలోకీ పెద్దది ఇదే. కదపలేని యంత్రాన్ని దూరంగా పెట్టమని ఎంత చెబితే ఏం?

కొంటే ఇన్వర్టరు రకమే కొనాలి. పాత రకం జనరేటరు అమెరికా కరెంటుకు తగ్గట్టు నిమిషానికి 3600 చుట్లు తిరుగుతూ ఉండాల్సిందే, ఒక్క బల్బు వెలిగించినా సరే. పిండిమర ఇంజనులాగ, గింజ పడినా పడకపోయినా ఒకటే పరుగు. ఇన్వర్టరు రకం పని తక్కువైతే వేగం తగ్గించుకుంటుంది. చప్పుడూ తగ్గుతుంది, పెట్రోలూ కలిసొస్తుంది. దాని కరెంటు నిలకడైనది కాబట్టి మావారి యంత్రంలాంటి సున్నితమైన సామాన్లకు భయం ఉండదు.

మేము ఆ పరిమాణంలోనే, పెట్రోలుతోనూ ట్రెయిలరు ముందుండే గ్యాసు సిలిండరుతోనూ నడిచే రకం తీసుకున్నాం. గ్యాసు మీద బలం ఇంకో పదోవంతు తగ్గుతుంది. అయినా నేను గ్యాసు వైపే మొగ్గాను. పెట్రోలు అయితే డబ్బాలు మొయ్యాలి, ఇంజను చల్లారాక గాని పొయ్యకూడదు, చలికాలమంతా వాడకుండా వదిలేస్తే లోపల జిగురు కడుతుంది. స్నేహితుడి జనరేటరు ఆ సాయంత్రం పది లాగులకు గాని మొరాయింపు మానకపోవడానికి కారణం అదేనట. గ్యాసు పాతబడదు. అడవిలో వాడేవాళ్ళు నిప్పురవ్వలు బయటపడకుండా పొగగొట్టానికి జాలీ ఉందో లేదో కూడా చూసుకోవాలి. అది లేకపోతే ప్రభుత్వపు అడవుల్లో వెయ్యనివ్వరు. పైన్ ఆకులు ఎండితే ఎంత సులువుగా అంటుకుంటాయో మీకు వేరే చెప్పాలా?

మా అమ్మాయి సోలారు పలకలూ వచ్చాయి, 200 వాట్లవి, మడతపెట్టే రకం. ఎండలో పెడితే బాగానే పనిచేస్తాయి. చిక్కల్లా ఏమిటంటే, చల్లదనం కోసం మనం చెట్ల నీడ వెతుక్కుంటాం, వాటికేమో ఎండ కావాలి. అందుకని అవి నీడ దాటి పొడుగాటి తీగెతో దూరంగా పడుకుంటాయి, గంట గంటకూ ఎండ వెంట వాటిని జరపడం మా మనవడి ఉద్యోగం. కూలి, గంటకో చాక్లెట్టు.

నేను తిరిగి ఇండియా వచ్చేలోపు మళ్ళీ ఒకసారి వెళ్ళాం. మావారు వస్తాననలేదు, రాననలేదు. సంచి సర్దుతుంటే తన యంత్రం తనే తెచ్చి పైన పెట్టారు. ఈసారి తీగె పొడుగుది. అల్లుడుగారు అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, గాలి ఎటు వీస్తోందో చిటికెడు మట్టి ఎగరేసి చూసి, ట్రెయిలరుకు పాతిక అడుగుల అవతల జనరేటరు పెట్టారు. పొద్దున ఎనిమిదింటికి వేస్తే చెట్టుకింద మాట్లాడుకుంటున్న మాకు ఎవరో దూరాన కుట్టుమిషను తొక్కుతున్నట్టు వినిపించింది. అంతే. మొదటిరోజు అది నడుస్తుండగా నేను ఉప్మా వెచ్చచేద్దామని మైక్రోవేవు మీట నొక్కాను. దానికొక్కదానికే పదిహేను వందల వాట్లు కావాలట! జనరేటరు ఒక్క మూలుగు మూలిగి కూలబడింది. ఆ తరవాత ఉప్మా గ్యాసు పొయ్యి మీదే చేశాను. అదే రుచిగా ఉంది కూడాను.

గుంటూరు సోదరికి నేను చెప్పేదల్లా, మీ అబ్బాయి ఎంత పెద్దది కొనాలని అడిగితే, రాత్రి పూట మీ ఇద్దరికీ ఏమేం నడవాలో ముందు ఒక చీటీ రాసి పంపండి. మీవారికి మందులు చల్లగా ఉంచే పెట్టె కావచ్చు, మీకు ఆవిరి పట్టే యంత్రం కావచ్చు, సిగ్గుపడకుండా అన్నీ రాయండి. పిల్లలకు మన రాత్రుల సంగతి తెలియదు. ఆ చీటీ పట్టి బాటరీ, బాటరీని పట్టి జనరేటరు. అది ఎక్కడ పెడతావురా అని కూడా అడగండి.

రెండో ప్రయాణంలో మొదటి రాత్రి మావారు పదింటికి పడుకుని ఆరున్నరకు లేచారు. తొడుగు తీసి, ఒళ్ళు విరుచుకుని, నావంక చూసి, "ఏమేవ్, రాత్రి కరెంటు పోయిందా?" అన్నారు.

"లేదండీ."

"మరి నీ కళ్ళేమిటి అలా ఉన్నాయి?"

గోడకు బాటరీ ఎంత మిగిలిందో చూపించే చిన్న గడియారంలాంటిది ఉంటుంది. పదింటికి 96. మూడింటికి 74. ఆరింటికి 62. మధ్యలో అంకెలు కూడా కావాలంటే నన్నడగండి.